రాము దగ్గర ఇరవై నాలుగు జామకాయలు

మంచి మాట ఏదైనా ఒంటరిగా తిరుగుతుంటే, అది డిపార్టుమెంటు వాళ్ళ కంట పడకుండా చూసుకోవాలి. పడిందా, దాని పని అయిపోయినట్టే. "పిల్లలకి లెక్కలు నిజ జీవితంతో ముడిపెట్టి చెప్పాలి" అన్న మాట అలాంటిదే. ఎవరన్నారో గానీ బంగారం లాంటి మాట. అది ఏదో ఊళ్ళో, ఏదో సదస్సులో, భోజనాలకి కాస్త ముందు, డాక్టర్ సర్వోత్తమరావు గారి చెవిన పడింది. ఆయన రాష్ట్రస్థాయి అధికారి. భోంచేశారు, కునుకు తీశారు, లేచారు. లేచేసరికి ఆ మాట సర్క్యులరై కూర్చుంది.

"ఇందుమూలముగా సమస్త ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా," అని మొదలైంది ఆ కాగితం. "కల్పిత లెక్కల వలన బాలబాలికలలో అసత్య ప్రవృత్తి ప్రబలుచున్నట్లు గణిత వాస్తవీకరణ మిషన్ దృష్టికి వచ్చినది. కావున ఇకపై తరగతి గదిలో ఇవ్వబడు ప్రతి లెక్కయు జరిగిన లెక్కయే అయి ఉండవలెను. లెక్కలోని వ్యక్తి, వస్తువు, సంఘటన, ఈ మూడును వాస్తవములని ధ్రువీకరించబడిన పిమ్మటనే నల్లబల్లపై వ్రాయవలెను."

బొబ్బర్లపాలెం ప్రాథమిక పాఠశాలలో సత్యవేణి టీచరు దాన్ని రెండుసార్లు చదివింది. చదివి, నాలుగో తరగతి వరసలో కూర్చున్న ఎస్తేరు వైపు చూసి, "అయిపోయిందే తల్లీ, మన పని" అనుకుంది.

ఎస్తేరు సంగతి చెప్పాలి. ఎక్కాలు అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్ల. చేతివేళ్ళు కదపకుండా కూడికలు చేసేస్తుంది. కానీ మాటల్లో లెక్క ఇచ్చారా, లేచి నిలబడి అడిగేది ఒకటే ప్రశ్న: "టీచరండీ, కూడమంటారా, తీసెయ్యమంటారా?" కూడమంటే కూడేస్తుంది, తీసెయ్యమంటే తీసేస్తుంది. ఆ ముక్క మాత్రం ఇంకొకరు చెప్పాలి. సగం పిల్లలు అంతే. లెక్కలో "మొత్తం" అని కనబడితే కూడెయ్యడం, "మిగిలిన" అని కనబడితే తీసెయ్యడం, ఏదీ కనబడకపోతే టీచరు మొహం చూడడం.

ఈ ఏడు ఎలాగైనా ఎస్తేరు చేత ఆ ప్రశ్న మాన్పించాలని సత్యవేణి పంతం పట్టింది. అందుకు ఆమె దగ్గరున్నది ఒకటే మందు. "అంకెలు తర్వాత చూద్దురుగాని. ముందు కళ్ళు మూసుకుని కథలో ఏమైందో చూడండి" అనేది. బస్సు వచ్చింది, కొందరు ఎక్కారు, కొందరు దిగారు. బస్సు నిండిందా, ఖాళీ అయిందా? పిల్లలు కళ్ళు మూసుకుని బస్సు చూసేవాళ్ళు. ఎస్తేరు మాత్రం ఒక కన్ను తెరిచి టీచర్ని చూసేది. ఆ రెండో కన్ను కూడా మూసుకోవడం అప్పుడప్పుడే మొదలెట్టింది, ఇంతలో ఈ సర్క్యులర్ ఊడిపడింది.

మండల కేంద్రంలో శిక్షణ పెట్టారు. మండల విద్యాధికారి పరంజ్యోతి గారు మైకు ముందు నిలబడి, ఈ మిషన్ వల్ల దేశానికి కలగబోయే లాభాలన్నీ ఏకరువు పెట్టి, సందేహాలుంటే అడగమన్నారు.

బొబ్బర్లపాలెం హెడ్మాస్టరు కొండలరావు గారు లేచారు. ఆ బడికి పోస్టులు మూడు. ఒకరు బదిలీ మీద వెళ్ళిపోతే ఆ చోటు అలాగే ఖాళీగా ఉంది. మిగిలింది ఈయనా, సత్యవేణీ.

"సార్, ఐదో తరగతి పుస్తకంలో రైలొకటి గంటకి అరవై కిలోమీటర్లు పోద్దండి. మా ఊరికి రైలే లేదు."

"రైలు లేని ఊళ్ళో రైలు లెక్క చెప్పడం నిబంధనలకు విరుద్ధం మాస్టారూ. మీ ఊరికేముంది?"

"ఆటో ఉందండి. అది గంటకెంత పోద్దో తోలేవాడికే తెలీదండి."

"అయితే జవాబు 'తెలీదు' అని రాయించండి. అదీ వాస్తవమే కదా."

"మరి తొట్టి లెక్కండీ? ఒక కొళాయి నింపుతుంటే ఇంకో కన్నంలోంచి కారిపోతూ ఉంటది..."

"అలాంటి తొట్టి మీ దృష్టికొస్తే తక్షణం నీటి సరఫరా విభాగానికి ఫిర్యాదు చెయ్యండి. కన్నం పూడ్చాక ఇంక సమస్య ఉండదు. సమస్య పరిష్కరించినట్టు నమోదు చేసుకోండి."

హాలంతా చప్పట్లు. సత్యవేణికి ఉండబట్టలేదు. లేచింది.

"సార్, ఏనుగు మీదో, రాక్షసుడి మీదో లెక్క ఇస్తే పిల్లలు ఇష్టంగా చేస్తారండి. అది జరగలేదని వాళ్ళకీ తెలుసు. ఊహించుకుని ఆలోచిస్తారు. ఊహే లేకపోతే లెక్కెలా వస్తుందండి?"

పరంజ్యోతి గారు జాలిగా నవ్వారు. "ఊహ అనేది హైస్కూలు సబ్జెక్టమ్మా. ప్రాథమిక స్థాయిలో ఊహకి ప్రొవిజన్ లేదు."

టీ, గారెలు వచ్చాయి. గారెలు మాత్రం వాస్తవంగానే ఉన్నాయి.

ఇక బడికొచ్చి పుస్తకం తెరిస్తే మొదటి లెక్క: రాము దగ్గర ఇరవై నాలుగు జామకాయలు ఉన్నవి. సీతకు తొమ్మిది ఇచ్చెను. రాము దగ్గర మిగిలినవి ఎన్ని?

బొబ్బర్లపాలెంలో రాము ఒక్కడే. అరవై ఏళ్ళవాడు, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. సత్యవేణి, కొండలరావు గారు జామకాయల గంప పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని అతనింటికి వెళ్ళారు.

"నాకు జామకాయలెక్కడియండీ టీచరు గారూ?" అన్నాడు రాము బిత్తరపోయి.

"మేం తెచ్చాం బాబాయ్. కాసేపు నీవనుకో చాలు."

"అనుకోకూడదమ్మాయ్," అని కొండలరావు గారు అడ్డుపడ్డారు. "అనుకోడం కల్పితం కిందకొస్తుంది. నిజంగానే ఇచ్చెయ్యాలి."

ఇచ్చేశారు. రాము వేలిముద్ర తీసుకున్నారు. ఇంత మంచి చదువు తన చిన్నప్పుడు లేనందుకు రాము చాలా బాధపడ్డాడు.

"ఇప్పుడు ఇందులోంచి తొమ్మిది సీతమ్మకియ్యి."

"ఏ సీతమ్మకి?"

"మీ మరదలికే. ఊళ్ళో ఇంకో సీత లేదుగా."

రాము గంపని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఆవిడికా? చస్తే ఇవ్వనండి! నా గట్టు మీది ములగచెట్టు కాయలన్నీ కోసుకుపోయింది. తమ్ముడి పెళ్ళామని ఊరుకున్నాను. ఇప్పుడు జామకాయలు కూడా ఇవ్వాలా? కావాలంటే ఆవిడే నాకిచ్చేటట్టు రాయండి లెక్క."

"అప్పుడది కూడికైపోద్దయ్యా!"

"అయితే కూడికలే చెప్పుకోండి. కూడికలకి ఎప్పుడు పిలిచినా వత్తాను."

ఆ విధంగా నాలుగో తరగతి తీసివేతల పాఠం ములగచెట్టు దగ్గర ఆగిపోయింది. సర్పంచి వచ్చాడు, పెద్దలు వచ్చారు. ములక్కాడలు చెరి సగమని తేల్చారు. సీతమ్మ మాత్రం, "బావగారు చేతికిస్తేనే పుచ్చుకుంటాను. కింద పెడితే ముట్టను. నాకూ ఉంది పౌరుషం" అంది. చివరికి గట్టు మీద, పిల్లలందరూ వరసగా నిలబడి చూస్తుండగా, ధ్రువీకరణ సంతకానికి పిలిపించిన ఊరి రెవెన్యూ అధికారి సమక్షంలో, రాము పళ్ళు పటపటలాడిస్తూ తొమ్మిది కాయలు ఒక్కొక్కటే ఆవిడ చేతిలో పెట్టాడు.

మిగిలినవి లెక్కపెట్టారు. పద్నాలుగు.

కొండలరావు గారు మళ్ళీ లెక్కపెట్టారు. పద్నాలుగే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సత్యవేణి చూపు ఎస్తేరు బుగ్గ మీద పడింది. అది ఉబ్బి ఉంది.

"ఒక్కటేనండి," అంది ఎస్తేరు, నోట్లో ముక్క అటు తిప్పి. "దోరగా ఉందండి."

"ఏం ఫర్వాలేదు," అంది సత్యవేణి అధికారితో. "తొమ్మిది ఇచ్చాక పదిహేనండి. ఒకటి పిల్ల తింది. అలా రాయండి, ఇంకా మంచి లెక్కవుతుంది."

"పుస్తకంలో పిల్ల తిన్నట్టు లేదు కదమ్మా," అన్నాడాయన. "నా కళ్ళతో చూసింది పద్నాలుగు. పదిహేనని సంతకం పెడితే రేపు నా ఉద్యోగానికి ఎవరు పూచీ?"

పరంజ్యోతి గారికి ఫోన్ చేశారు. ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "వాస్తవానిదే పైచేయి. బొబ్బర్లపాలెం పరిధిలో ఇరవై నాలుగు లోంచి తొమ్మిది పోతే పద్నాలుగు."

అంతటితో ఆగితే బాగుండేది. పక్క ఊళ్ళో ఇంకో రాము తన పెరటి కాయలు రెండు గుట్టుగా కలిపేసుకున్నాడు కాబట్టి అక్కడ పదిహేడు వచ్చింది. ఇంకో ఊళ్ళో కోతులు వచ్చి సున్నా చేశాయి. పరంజ్యోతి గారు ఊరూరి జవాబులతో పెద్ద పట్టిక వేయించి పైకి పంపితే, "జవాబుల స్థానికీకరణలో అగ్రగామి మండలం" అని పైనుంచి అభినందన పత్రం వచ్చింది.

ఆ వారం ఎస్తేరు మేనత్త గారి ఊరు వెళ్ళొచ్చింది. బడికొచ్చి, సత్యవేణి బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది.

"టీచరండీ, అత్తోళ్ళ ఊళ్ళో పదిహేడంటండి. మనకెందుకు తక్కువొచ్చిందండి? నేను తిన్నందుకాండి?" అంది. కళ్ళనిండా నీళ్ళు.

నెలల తరబడి ఒక్కో కన్నూ మూయించి, ఆ పిల్లకి కథ చూడడం నేర్పుతూ వస్తే, వీళ్ళు వచ్చి ఇరవై నాలుగు లోంచి తొమ్మిది పోతే పదిహేనని కూడా నమ్మకుండా చేసేశారు. సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. "నీ తప్పేం లేదమ్మా. అది ఎక్కడైనా పదిహేనే. అమెరికాలోనైనా, అంతర్వేదిలోనైనా పదిహేనే" అని ఆ పిల్ల మొహం తుడిచింది.

ఇంతలో మిషన్‌కి మనుషులు చాలలేదు. రాష్ట్రంలో ఇన్ని లక్షల లెక్కలు ఎవరు ధ్రువీకరించాలి? శిక్షణలో తెలివైన సందేహాలు అడిగినవాళ్ళని ఏరి డెప్యుటేషన్ మీద లాక్కున్నారు. రైలు గురించి అడిగిన పాపానికి కొండలరావు గారు రైలు లెక్కల పరిశీలకులయ్యారు.

"వెళ్ళొస్తానమ్మాయ్," అన్నారాయన సంచీ భుజాన వేసుకుని. "ఐదు తరగతులూ నువ్వే చూసుకో. నేను రైలెక్కి అది నిజంగా గంటకి అరవై పోతోందో లేదో చూడాలి. మన వైపు బండి ఎప్పుడూ లేటే. ఎన్నాళ్ళు పడుతుందో ఏమో."

ఆనాటి నుంచి సత్యవేణి చట్టవ్యతిరేక కార్యకలాపాలకి దిగింది.

మధ్యాహ్న భోజనాలయ్యాక తలుపులు వేసేది. బయట వంట చేసే వరలక్ష్మిని కాపలా పెట్టేది. పరంజ్యోతి గారి మోటారు సైకిలు మలుపులో కనబడితే వరలక్ష్మి గరిటెతో గుండిగ మీద కొట్టాలి. లోపల అయిదు తరగతుల పిల్లలూ గోడవారగా ఒదిగి కూర్చునేవాళ్ళు. సత్యవేణి గొంతు తగ్గించి అబద్ధాలు చెప్పేది.

"ఒక ఏనుగు గంపలో నలభై అరిసెలు పెట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. దార్లో ఒక కోతి ఎదురై, నాకూ పెట్టవా వదినా అంది. సరే కదాని కొన్ని పెట్టింది. పుట్టింటికెళ్ళి గంప దించి చూస్తే ఇరవై రెండే ఉన్నాయి. కోతికి ఎన్ని పెట్టింది?"

పిల్లలు కళ్ళు మూసుకున్నారు. ఒకడికి నవ్వాగలేదు. సత్యవేణి ఎస్తేరు వైపు చూసింది. ఆ పిల్ల రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉంది. "మొత్తం" లేదు, "మిగిలిన" లేదు, పట్టుకోవడానికి లెక్కలో ఏ కొమ్మా లేదు. ఇప్పుడు అడుగుతుంది, కూడమంటారా అని అడుగుతుంది, అనుకుంది సత్యవేణి.

"గంపలోయీ, కోతి పొట్టలోయీ కలిపితే నలభై అవ్వాలండి," అంది ఎస్తేరు కళ్ళు తెరవకుండానే. "గంపలోయి ఇరవై రెండండి. అయి తీసేత్తే కోతియి వచ్చేత్తాయండి. పద్దెనిమిదండి. అమ్మో, ఎన్ని తినేసిందండీ!"

సత్యవేణి గిరుక్కున బోర్డు వైపు తిరిగిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో పిల్లలకి తెలియలేదు, ఆమెకీ తెలియలేదు.

బయట గుండిగ ఠంగుమంది. పరంజ్యోతి గారు తలుపు తీసేసరికి పిల్లలంతా ఒకే గొంతుతో, "రాము దగ్గర పద్నాలుగూ!" అని అరుస్తున్నారు. ఆయన ముచ్చటపడిపోయి, "సత్యవేణి గారూ, డాక్టర్ సర్వోత్తమరావు గారు స్వయంగా మండలానికి వస్తున్నారు. నమూనా పాఠశాలగా మీ బడినే చూపిస్తున్నాను" అన్నారు. "ఏ పొరపాటూ జరక్కూడదు. జరిగితే మీకు మెమో, నాకు బదిలీ."

వచ్చారు. బడి ముందు పందిరి వేశారు. రాము కొత్త పంచె, సీతమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, జామకాయల ఘట్టాన్ని మళ్ళీ జరిపించారు. ఈసారి పద్నాలుగే రావడం కోసం పరంజ్యోతి గారు ముందుగానే ఒక కాయ జేబులో వేసుకున్నారు.

సర్వోత్తమరావు గారు ప్రసంగించారు. "సత్యమే గణితం, గణితమే సత్యం. నేడు ఈ కుగ్రామంలో వాస్తవం వికసించుట కన్నులారా గాంచితిని" అని ముగించి, పిల్లల వైపు తిరిగారు. "ఎవరైనా ఒకరు, మీ నిజ జీవితంలోంచి, మీరే కట్టిన లెక్క ఒకటి చెప్పండి. అక్కడికక్కడే నా స్వహస్తాలతో ధ్రువీకరిస్తాను."

పరంజ్యోతి గారు ఖాళీ ధ్రువపత్రం అందించారు. ఎస్తేరు లేచి నిలబడింది. ఇది అనుకున్నది కాదు.

"మా బడికి టీచర్లు ముగ్గురుండాలండి," అని మొదలెట్టింది ఎస్తేరు, చేతులు కట్టుకుని. "ఒకాయన బదిలీ అయ్యెళ్ళిపోయారండి. ఆయన సోట్లో ఎవరూ రాలేదండి. మా హెడ్మాస్టరు గారిని రైలెక్కడానికి మీరే అట్టుకెళ్ళిపోయారండి. ఇప్పుడు మా అయిదు తరగతులకీ టీచర్లెంతమందండి?"

సర్వోత్తమరావు గారు చిరునవ్వు అలాగే ఉంచి పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. పరంజ్యోతి గారి వైపు చూశాడు. పరంజ్యోతి గారు జేబులో జామకాయ తడుముకున్నారు. పెద్దాయన ఇంక తప్పక సత్యవేణి వైపు వంగి, గుసగుసగా అడిగారు.

"ఏమ్మా, ఇది కూడమంటారా, తీసెయ్యమంటారా?"

సత్యవేణి నోరు తెరిచేలోపే ఎస్తేరు అందుకుంది. "అంకెలు తర్వాత చూద్దురుగానండి. ముందు కళ్ళు మూసుకుని కథలో ఏమైందో చూడండి సార్, తెలిసిపోద్ది."

ఏ కళనున్నారో గానీ, సర్వోత్తమరావు గారు కళ్ళు మూసుకున్నారు. బహుశా ఉద్యోగంలో చేరాక, కునుక్కి తప్ప, ఆయన కళ్ళు మూసుకోవడం అదే మొదటిసారి. కాసేపటికి తెరిచి చూస్తే ఎదురుగా ఒకే పందిరి కింద అయిదు తరగతుల పిల్లలు, వాళ్ళ మధ్య చీరకొంగు బిగించి నిలబడ్డ ఒకే ఒక్క మనిషి.

"ఒకరు," అన్నారు నెమ్మదిగా.

"అదేనండి జవాబు! నిజమే కదండి? అయితే సంతకం పెట్టండి," అని ఎస్తేరు ధ్రువపత్రం ఆయన ముందుకు జరిపింది.

ఆయన కలం తీశారు, మూత తీశారు, మళ్ళీ మూత పెట్టారు. జిల్లాలో అత్యవసర సమావేశం ఒకటి గుర్తొచ్చిందన్నారు. దుమ్ము రేగింది. కార్లు వెళ్ళిపోయాయి. ధ్రువపత్రం ఖాళీగా బల్ల మీద మిగిలింది.

మెమో కోసం సత్యవేణి ఎదురుచూసింది. మెమో రాలేదు, సర్క్యులర్ వచ్చింది.

"నిజ జీవితమునకు సంబంధించిన లెక్కల వలన బాలబాలికలలో అనవసర విచారణా ధోరణి ప్రబలుచున్నట్లు మిషన్ దృష్టికి వచ్చినది. కావున పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా తక్షణమే అట్టి లెక్కలు నిషేధించడమైనది. ఇకపై ప్రతి లెక్కయు సంపూర్ణ కల్పితమై ఉండవలెను. అందులో వాస్తవము లేశమాత్రమును లేదని ఉపాధ్యాయులు సంతకముతో ధ్రువీకరించవలెను."

సత్యవేణి తలుపులు బార్లా తెరిచింది. వరలక్ష్మి గరిటె మళ్ళీ పప్పులోకి వెళ్ళింది. ఏనుగులు, రాక్షసులు, పుట్టింటి అరిసెలు పట్టపగలే బళ్ళోకి వచ్చేశాయి. కొండలరావు గారు మాత్రం రాలేదు. లెక్కల్లో పొరపాటున నిజం ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతకడానికి ఆయన్ని అక్కడే ఉంచేశారట.

ఆ రోజు ఎవరి లెక్క వాళ్ళే కట్టమంది సత్యవేణి. ఎస్తేరు పలక పట్టుకొచ్చి చూపించింది. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది:

"అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి ఉందట. అందులో ముగ్గురు టీచర్లు ఉన్నారట. వాళ్ళలో ఒక్కరిని కూడా ఎవరూ తీసుకుపోలేదట. ఆ బళ్ళో టీచర్లు ఎంతమంది?"

సత్యవేణి దాన్ని చదివింది. వరండాలో ఒకటో తరగతి వాళ్ళు కొట్టుకుంటున్నారు, రెండో తరగతి వాళ్ళు నీళ్ళకని వెళ్ళి తిరిగి రాలేదు, ఐదో తరగతి వాళ్ళు భాగహారం దగ్గర ఆగిపోయి పిలుస్తున్నారు. ఆమె సుద్దముక్క తీసుకుని, నిబంధన ప్రకారం పలక అడుగున రాసింది: ఇందులో వాస్తవము లేశమాత్రమును లేదు. కింద సంతకం పెట్టి, ఐదో తరగతి వైపు పరిగెత్తింది.